ఎక్కని నిచ్చెన

శనివారం సాయంత్రం నాలుగున్నరకి ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకుని, ఆరింటికి మహిళా కానిస్టేబుళ్లతో జీపు వస్తుందని చెప్పాడు. టీచరమ్మని ఒక సంచి సర్దుకోమన్నాడు. రెండు జతల బట్టలు, మందులు, కళ్లజోడు.

"కళ్లజోడు ముక్కు మీదే ఉంది నాయనా. దాన్ని సంచిలో పెడితే సంచి ఎక్కడుందో ఎలా కనపడుతుంది?" అంది టీచరమ్మ.

ఆవిడకి అరవై ఆరేళ్లు. ముప్ఫై ఎనిమిదేళ్లు బడిలో పనిచేసి హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయింది. తమ్ముణ్ణి చంపిందన్న నేరం మీద పడినా గొంతు తగ్గలేదు.

గోడ పక్కన నిలబడ్డ టేపు నవ్వలేదు. పోలీసు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా మారాక, వెళ్లిన చోటల్లా జేబులోంచి ఇనప టేపు తీసి కొలవడం చూసి ఎవరో అతనికి ఆ పేరు పెట్టారు. అది అతుక్కుపోయింది. ఎందుకు కొలుస్తావని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడూ కాదు. నిన్న సాయంత్రం టీచరమ్మ ఫోన్ చేసి ఇంటి చిరునామా చెప్పినప్పుడు, రాలేనని చెప్పబోయాడు. నోరు రాలేదు. వచ్చాడు. ఈ హాల్లోకి ఇంతకుముందు ఒకసారి వచ్చానన్న మాట మాత్రం ఇప్పటిదాకా ఆవిడకి చెప్పలేదు.

జరిగింది ఇంతే. గురువారం మధ్యాహ్నం రెండింటికి టీచరమ్మ వీధి తలుపు లోపలి గడియ తనే వేసింది. ఇంట్లో ఉన్నది ఆవిడ, ఆవిడ తమ్ముడు పళ్ల డాక్టరు. అయిదుంబావుకి ఆవిడే గడియ తీసి వీధిలోకి వచ్చి కేక పెట్టింది. డాక్టరు హాల్లో మెట్ల కింద బోర్లా పడి ఉన్నాడు. తల వెనక రెండు దెబ్బలు. మెట్ల మీద నుంచి పడితే తలకి ఒక దెబ్బ తగులుతుంది, అదే చోట రెండు తగలవని పోస్టుమార్టంలో రాశారు. ప్రాణం పోయింది మూడుకీ నాలుగున్నరకీ మధ్య అని కూడా రాశారు. కిటికీలకి ఇనప చువ్వలు. పెరటి తలుపు లేదు.

"లోపల ఇద్దరున్నారు. ఒకరు పోయారు. మిగిలింది ఎవరో ఒకటో తరగతి పిల్లాడు చెప్తాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒకటో తరగతిలో తీసివేతలు లేవు," అంది టీచరమ్మ. "రెండులో చెప్తాం."

"అమ్మా, మీరిలా మాట్లాడితే కోర్టులో..."

"గడియ నేనే వేశానని నీకు చెప్పింది ఎవరు? నేనే కదా. నేనే చంపితే, వెయ్యలేదని చెప్పి ఊరుకునేదాన్ని. ఆ మాత్రం తెలివి నీకు లేకపోయినా నాకుంది."

ఇన్‌స్పెక్టర్ టేపు వైపు తిరిగాడు. "గంటన్నర టైముంది సార్. కొలుచుకోండి."

ఆ 'సార్'లో గౌరవం లేదు. ఇరవై రెండేళ్ల క్రితం టేపు సబ్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న స్టేషన్లో ఇతను కానిస్టేబులు. పరీక్షలు రాసి పైకొచ్చాడు. టేపు కిందికి దిగాడు.

ఆ ఇల్లు ఒకప్పుడు ఇల్లు కాదు, చిత్రకారుల స్టూడియో. ముప్ఫై ఒక్క అడుగుల హాలు, పద్దెనిమిది అడుగుల కప్పు, ఉత్తరం గోడకి నిలువెత్తు అద్దాలు. చిత్రకారులు ఖాళీ చేశాక చాలా ఏళ్లు తాళం పడి ఉంది. ఆరేళ్ల క్రితం పళ్ల డాక్టరు కొన్నాడు. కుంచెలు కడిగే తొట్లున్న చోట వంటిల్లు కట్టించాడు. మోడల్ నిలబడే అరుగు మీద భోజనాల బల్ల వేశాడు. హాలు వెనక భాగంలో ఎనిమిది అడుగుల ఎత్తున చెక్కమిద్దె ఒకటి వేయించి, పద్నాలుగు మెట్లు కట్టించాడు. మిద్దె మీద, వెనక గోడకి ఆనించి, ఏడడుగుల అల్మరా. నేల మీద రంగు మరకలు ఎంత తోమినా పోలేదని టీచరమ్మ చాపలు పరిచింది.

చెక్కపని అంతా చేసిన మేస్త్రి ఇప్పుడు హాల్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. స్టూడియో రోజుల్లో చట్రాలకి గుడ్డ బిగించి పటాలు సిద్ధం చేసే పని అతనిదే. ఎముకలూ తోలూ తప్ప మరొకటి లేని మనిషి. పక్కకి తిరిగితే కనపడడని టీచరమ్మ ఎగతాళి చేసేది. అల్మరా వెనక గట్టి గోడేనని సాక్ష్యం రాయించుకోవడానికి ఇన్‌స్పెక్టర్ పిలిపించాడు.

"బాగున్నారా సార్?" అన్నాడు మేస్త్రి, టేపుని చూసి లేచి నిలబడి. "జుట్టు పల్చబడింది."

"నువ్వు ఇక్కడే ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను సార్? వెనక సందులో అదే షెడ్డు, అవే కర్రలు."

టేపు మొహం తిప్పుకున్నాడు. ఆ మాటల్లో తప్పేం లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది తనే.

టీచరమ్మని వంటింట్లోకి పిలిచి తలుపు చేరవేశాడు. వంటింటికి ఆనుకుని ఆవిడ గది. గదికి ఆనుకుని స్నానాల గది. అందులో బట్టల మెషిన్. దాని మూత ఎత్తి చూసే వచ్చాడు. ఉతికిన చీరలు రెండు రోజులుగా అందులోనే ముద్దగా ఉండి వాసన పట్టాయి.

"గురువారం ఎన్నింటికి పడుకున్నారు?"

"రెండున్నరకి. అయిదింటికి లేచాను. ఇన్‌స్పెక్టర్‌కి నాలుగుసార్లు చెప్పాను, నీకొకసారి చెప్పాను."

"మధ్యలో లేవలేదు."

"లేదు."

"మెషిన్ ఎవరు వేశారు?"

ఆవిడ చెంగు సర్దుకుంది. "నేనే వేసి ఉంటాను."

"ఎన్నింటికి?"

"గుర్తులేదు."

"గురువారం పొద్దున నీళ్లు రాలేదని వీధిలో ముగ్గురు చెప్పారు. రెండూ యాభైకి వచ్చాయట. ఆ తర్వాతే వెయ్యాలి. మెషిన్ యాభై రెండు నిమిషాలు తిరుగుతుంది. పొద్దున చీరలు బయటికి తీసి ఖాళీగా తిప్పి చూశాను. అయిపోయాక కూత మొదలుపెడుతుంది, బొత్తాం నొక్కేదాకా ఆపదు. మీ మంచానికి నాలుగడుగుల దూరం. అయిదింటిదాకా పడుకుంటే, నొక్కింది ఎవరు టీచరమ్మా?"

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. బడిలో ఆవిడ ఎదుట ఎంతమంది పిల్లలు ఇలా తల దించుకుని ఉంటారో అనుకున్నాడు టేపు. ఇప్పుడు ఆవిడే దించుకుంది.

"మూడింటికి వేశాను," అంది. "గోడ గడియారం కొట్టింది."

"తర్వాత?"

"పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పొద్దున వాడితో పోట్లాడాను. పైన అల్మరా నాది. ముప్ఫై ఎనిమిదేళ్ల రిజిస్టర్లు, పిల్లలు రాసిన ఉత్తరాలు. సోమవారం దాన్ని ఊడగొట్టిస్తానని, నాకు మాటైనా చెప్పకుండా, సామానంతా కిందికి దించి కుప్ప పోశాడు. ఇల్లు నీది కాబట్టి నన్ను కూడా ఆ కుప్పలోనే పడేయరా అన్నాను. ఇంకా అనరాని మాటలు అన్నాను."

"సరే. మెషిన్ తిరుగుతోంది."

"తిరుగుతుంటే పిలిచాడు. 'అక్కా! ఇలా రా, ఓ వింత చూపిస్తా.' చిన్నప్పుడు గొంగళిపురుగు దొరికినా అలాగే పిలిచేవాడు వెధవ. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. మళ్లీ పిలిచాడు. మూడోసారి పిలిస్తే వెళ్దామనుకున్నాను." ఆవిడ ఆగింది. "మూడోసారి పిలవలేదు."

టేపు పుస్తకంలో రాయడం ఆపాడు.

"పిలిచినప్పుడు మెషిన్ నీళ్లు వదులుతోందా, బట్టలు పిండుతోందా?"

"పిండటం మొదలైతే ఇల్లంతా అదురుతుంది. ఇంకా మొదలవలేదు."

ఆఖరి తొమ్మిది నిమిషాలు పిండటం. అంటే పిలుపు మూడూ నలభై మూడుకి ముందే. టేపు ఆ అంకె రాసి కింద గీత గీశాడు.

"కూత వచ్చాక?"

"లేచి ఆపి మళ్లీ పడుకున్నాను. కాసేపటికి మేకులు కొట్టిన చప్పుడు. కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. నాలుగు విడతలు. నా మీద కోపం మేకుల మీద చూపిస్తున్నాడు, చూపించుకోనీ అనుకున్నాను."

"ఇంట్లో సుత్తి ఎక్కడుంటుంది?"

"సుత్తా? మేకు కొట్టాలంటే నా ఇస్త్రీపెట్టె ఎత్తుకుపోయేవాడు."

"ఆ రోజు ఇస్త్రీపెట్టె?"

"నా గదిలోనే..." అని, మాట మధ్యలో ఆగి, టేపు మొహంలోకి చూసింది. "అయితే అది వాడు కాదా?"

"ఈ మాటలు ఇన్‌స్పెక్టర్‌కి చెబితే పోయేదిగా. ఎందుకు దాచారు?"

"ఏమని చెప్పమంటావు? తమ్ముడు పిలిస్తే పలక్కుండా పడుకున్నానని, అవతల వాడు చస్తుంటే ఇవతల మెషిన్ ఆపుకున్నానని చెప్పనా? చంపావంటే కాదని వాదించొచ్చు. పలకలేదంటే ఏం వాదించను? అది నిజం."

టేపు పుస్తకం మూశాడు. జైలుకన్నా సిగ్గు బరువని అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగూ యాభై అయిదుకి మెట్లెక్కాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య పలక లేదు. కింద నేల కనపడుతోంది. టేపు గోడ వైపు చూస్తూ, కమ్మీ వదలకుండా, ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. వెనక ఇన్‌స్పెక్టర్ ఫైలు చంకలో పెట్టుకుని వస్తున్నాడు.

"భయం పోలేదన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టర్, మెల్లగా.

టేపు తర్వాతి మెట్టు లెక్కపెట్టాడు.

ఇరవై రెండేళ్ల క్రితం చెక్కమిద్దె లేదు. ఇక్కడ ఒక నిచ్చెన ఉండేది. వెనక వీధిసందు హాలు నేలకంటే ఎనిమిది అడుగుల ఎత్తున ఉంది. అందుకని తలుపులో పట్టని పటాల్ని తాళ్లతో పైకి లాగి, వెనక గోడలో ఉన్న నిలువు సందులోంచి బయటికి జార్చేవారు. పద్నాలుగు అంగుళాల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. పటాల సందు అనేవారు. ఒకరోజు ఆ నిచ్చెన కింద ఒక మోడల్ శవం దొరికింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. తలకి ఒక దెబ్బ. వీధి తలుపుకి లోపల గడియ. అప్పటికే స్టూడియోలోంచి పదకొండు పటాలు పోయాయని ఫిర్యాదు ఉంది. పటాల సందు తెరిచి ఉంటే అది హత్య. మూసి ఉంటే, ఒంటరిగా ఉండి దొంగతనానికి నిచ్చెనెక్కి జారిపడింది.

పటాల సందుకి చెక్కలు కొట్టి ఉన్నాయి. మేస్త్రి కింద కూర్చుని ఒక చట్రానికి గుడ్డ బిగిస్తున్నాడు. పని ఆపి, నిచ్చెనెక్కి, చెక్కల మీద సుత్తితో కొట్టి, "వెనక ఇటుకలే సార్, వానాకాలంలో నేనే కట్టాను," అన్నాడు. ఎక్కి చూడాల్సింది టేపు. రెండో మెట్టు మీద కాళ్లు వణికాయి. దిగిపోయాడు. సాయంత్రం స్టేషన్లో కూర్చుని, 'నేను స్వయంగా నిచ్చెన ఎక్కి, చెక్క తీసి పరిశీలించగా, సందు ఇటుకలతో మూసి ఉన్నది' అని రాసి సంతకం పెట్టాడు.

ఆ పిల్ల దొంగగా పోయింది. ఆమె తల్లి నాలుగేళ్లపాటు నెలకోసారి స్టేషన్‌కి వచ్చేది. "కేసు వద్దు బాబూ, నా కూతురు దొంగ కాదని ఒక్క ముక్క రాసివ్వండి" అనేది. ఆవిడ ముందు గుమ్మంలో కనపడగానే టేపు వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయేవాడు. అయిదో ఏడు ఆవిడ రావడం మానేసింది. ఆ ఏడే ఉద్యోగం వదిలేసి, మొదటి టేపు కొన్నాడు.

అల్మరా తలుపు తీశాడు. ఖాళీ. అరలు కూడా తీసేసి గోడకి ఆనించి ఉన్నాయి. లోపలంతా ముదురు రంగు. టార్చి వేసి వెనక చెక్క మీద వేళ్లు ఆడించాడు. పై అంచు నడుమ ఏదో వేలికి గుచ్చుకుంది. కుడి అంచు నడుమ ఒకటి, ఎడమ అంచు నడుమ ఒకటి, కింద నడుమ ఒకటి. వడ్లగింజ మొనంత బయటికి వచ్చి ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టర్, ఇటు రా. ఇవేంటి?"

"మేకులు."

"తలలా, మొనలా?"

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. వేలు పెట్టి వెంటనే తీసేసుకున్నాడు. "మొనలు."

"మొనలు ఇటు ఉంటే తలలు అటు ఉంటాయి. అంటే కొట్టినవాడు అటు ఉన్నాడు. నీ ఫైలు ప్రకారం అటు ఉన్నది ఇటుకల గోడ. ఇటుకల్లో నిలబడి సుత్తి ఎలా ఆడించాడు?"

ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడ్డాడు. "అల్మరా చేసినప్పుడే అలా కొట్టి తెచ్చి ఉంటారు."

"అల్మరా చేసినప్పుడు కొడితే రంగు మేకు మొన మీద కూడా ఉండాలి. మొనలు మెరుస్తున్నాయి. ఇంకోటి చూడు. ఏ వడ్రంగైనా పలక బిగిస్తే మూలల్లో మొదలుపెడతాడు. ఇక్కడ నాలుగు మూలలూ ఖాళీ. నాలుగు అంచుల నడుమ నాలుగు మేకులు. అలా ఎవరు కొడతారో తెలుసా?"

"మీరే చెప్పండి."

"చట్రానికి గుడ్డ బిగించేవాడు. మూల నుంచి మొదలుపెడితే గుడ్డ ముడత పడుతుంది. నడుమ నుంచి మొదలుపెట్టి మూలలకి పోవాలి. ఆ పాత కేసు రోజు మేస్త్రి కింద కూర్చుని నాకు చెప్పాడు, చేసి చూపించాడు. కంగారులో మనిషి ఆలోచించడు, చెయ్యి తనకి అలవాటైన పని చేసుకుపోతుంది. గురువారం కూత ఆగాక టీచరమ్మ నాలుగు విడతలు మేకుల చప్పుడు వింది. ఇంట్లో సుత్తి లేదు."

"పడుకున్నానని చెప్పిందిగా?"

"అబద్ధం చెప్పింది. ఎందుకో నీకు చెప్పే చోట చెప్తుంది. డాక్టరు ఆ రోజు ఆఖరి ఫోన్ ఎవరికి చేశాడు?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరవకుండానే చెప్పాడు. "మూడూ పదికి. మేస్త్రికి. సోమవారం పని గురించని మేస్త్రి అన్నాడు."

"నువ్వు కట్టిన అల్మరా వెనక ఏదో ఉంది, వచ్చి చూడమని చేసి ఉంటాడు. దొంగకే తాళం చెవి ఇచ్చినట్టు. అతను వచ్చాడు. వీధి తలుపు నుంచి కాదు. ఇటు నుంచి." టేపు చెక్క మీద అరచేయి వేశాడు. "ఊడదీయిద్దాం."

ఇన్‌స్పెక్టర్ కమ్మీ మీద నుంచి వంగి కిందికి కేక వేశాడు. "మేస్త్రీ! చెక్క ఊడదీయాలి, గునపం ఉందా?"

"షెడ్డులో ఉంది సార్," అని కింద నుంచి గొంతు. "ఇప్పుడే తెస్తా." వీధి తలుపు తీసిన చప్పుడు.

"వాణ్ణి వదిలావేం?" అన్నాడు టేపు.

"వాడు నా సాక్షి. ముద్దాయి కాదు." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి, పసుపు పట్టిన కాగితం ఒకటి టేపు కళ్ల ముందు పట్టాడు. "వెనక దారి లేదని చెప్పింది వాడొక్కడే కాదు సార్. ప్రభుత్వ రికార్డు చెప్తోంది. చదవండి. 'స్వయంగా నిచ్చెన ఎక్కి.' ఎవరి సంతకం?"

"నాది."

"కోర్టులో టీచరమ్మ వకీలు మేకుల గురించి మాట్లాడతాడు. నేను ఈ కాగితం చూపిస్తాను. ఇటుకలు స్వయంగా చూసిన మనిషి ఇప్పుడు టీచరమ్మ దగ్గర ఫీజు తీసుకుని ఇటుకలు లేవంటున్నాడని చెప్తాను. మీ మాట అక్కడితో సరి."

"ఆ కాగితం అబద్ధం."

"గట్టిగా చెప్పండి."

"అబద్ధం అన్నాను. నేను ఎక్కలేదు."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కాగితం కొంచెం దించాడు. "నాకు తెలుసు," అన్నాడు. "ఆ రోజు నిచ్చెన పట్టుకున్నది నేనే. రెండో మెట్టు మీద మీ బూటు నా చెవి పక్కన వణికింది. ఇరవై రెండేళ్లు, ఎప్పుడు చెప్తారా అని చూశాను. ఈ కాగితం బయటికి తీసింది కూడా అందుకే. నోరు విప్పలేరని నా ధీమా."

"విప్పాను. కాగితం, పెన్ను ఇవ్వు. రాసిస్తాను."

"సార్, కొంచెం కింద కూడా చూడండి."

టేపు చూశాడు. తన సంతకం కింద 'నా సమక్షంలో పరిశీలించడమైనది' అని ఉంది. దాని కింద కానిస్టేబులు నంబరు. పొడి అక్షరాలు.

"నేనూ పెట్టాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతు తగ్గింది. "మీరు పెట్టమన్నారు. నాకు ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఇంకా పదకొండేళ్ల సర్వీసు ఉంది సార్. మీరు రాసిస్తే నేనూ మునుగుతాను."

అయిదూ పదహారు. కింద టీచరమ్మ సంచి జిప్పు లాగిన చప్పుడు వినపడింది.

"ఆవిడ తమ్ముడికి పలకలేదన్న సిగ్గుతో జైలుకి పోవడానికి సిద్ధపడింది," అన్నాడు టేపు. "నేను నా సిగ్గు దాచుకోవడానికి ఒక చచ్చిపోయిన పిల్లని దొంగని చేశాను. నీది ఏడు నెలల ఉద్యోగం. నీ తప్పు ఏడు నెలలంత. మిగతాదంతా నాదని రాస్తాను. పెన్ను ఇవ్వు."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పెన్ను తీశాడు. ఇవ్వడానికి కొంత సమయం పట్టింది. ఇచ్చాడు.

టేపు గోడకి ఆనించిన అర ఒకటి పడుకోబెట్టి, దాని మీద కాగితం పెట్టి, ఆరు వాక్యాలు రాశాడు. మొదటి వాక్యం, 'నేను నిచ్చెన ఎక్కలేదు.' సంతకం, తేదీ, సమయం వేశాడు. మడిచి ఇన్‌స్పెక్టర్ చొక్కా జేబులో పెట్టాడు.

"గునపం తేవడానికి ఎంతసేపు?" అన్నాడు. "షెడ్డు ఎంత దూరం?"

"ఇల్లు చుట్టి వెళ్లాలి. మూడు నిమిషాలు. సరిగ్గా ఈ గోడకి అవతలే."

"వెళ్లి పన్నెండు నిమిషాలైంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టేపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మేకు లేని కింది మూలని బొటనవేలితో నొక్కితే చెక్క అర అంగుళం లోపలికి పోయింది. ఆ ఖాళీలోంచి ఇనప టేపు కొస దూర్చాడు. ఒక అంగుళం. ఇటుక ఉంటే అక్కడ ఆగాలి. ఆగలేదు. నాలుగు. తొమ్మిది. పద్దెనిమిది. ఇన్‌స్పెక్టర్ కూడా పక్కన కూర్చుని అంకెలు చూస్తున్నాడు. ఇరవై ఆరు దగ్గర కొస దేనికో తగిలింది. మెత్తగా ఉంది.

"ఇది ఇటుక కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుసగుసగా.

టేపు వెనక్కి లాగబోయాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఇనప టేపు బిగుసుకుంది. అవతల ఎవరో పట్టుకున్నారు.

చెక్క వెనక నుంచి, రెండడుగుల దూరంలోంచి గొంతు వచ్చింది. కోపం లేదు, కేక లేదు.

"ఆ రోజే ఎక్కి ఉంటే సరిపోయేది సార్. ఈ రెండో ప్రాణం పోయేది కాదు."

టేపు ఆ మాటలో ఒక్క అక్షరం కూడా కాదనలేడు.

చెక్క కింద నుంచి తడి పాకుతూ వచ్చి అతని మోకాలికి తగిలింది. ముక్కుకి వాసన తగిలింది. చిత్రకారులు రంగులు పల్చన చేసే టర్పెంటైన్.

"టీచరమ్మని వీధిలోకి తీసుకెళ్లు," అన్నాడు టేపు. "జేబులో కాగితం జాగ్రత్త. ఆవిణ్ణి దింపాక షెడ్డు వైపు రా. పరిగెత్తు."

"మీరు?"

"అటు వెళ్లడానికి నిచ్చెన అక్కర్లేదు. పో!"

ఇన్‌స్పెక్టర్ బూట్లు మెట్ల మీద ధడధడమన్నాయి. కింద, "సంచి వదిలెయ్యండమ్మా, రండి!" అన్న కేక. "వదిలెయ్యమనడానికా సర్దించావు?" అన్న టీచరమ్మ గొంతు, ఆ వెంటనే వీధి తలుపు.

చెక్క అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. వెలగలేదు. రెండోది గీసేలోపు టేపు భుజం చెక్కకి తగిలింది. నడుమ కొట్టిన నాలుగు మేకులూ ఒకేసారి ఊడాయి. చెక్కతో పాటు అతను కూడా సందులోకి పడ్డాడు.

పద్నాలుగు అంగుళాల చీకటి. పక్కకి తిరిగితే తప్ప నిలబడలేడు. అవతలి కొసన షెడ్డులోకి తలుపు ఓరగా తీసి ఉంది. అక్కడ మేస్త్రి, ఒక చేతిలో ఇనప టేపు కొస, ఒక చేతిలో వెలిగిన పుల్ల. ఆ వెలుగులో ఇద్దరి మధ్యా గోడకి ఆనించి నిలబెట్టిన పటాల గుడ్డ చుట్టలు కనపడ్డాయి. ఒక్కోదానికీ తాడు కట్టి ఉంది. కింద అంచులు తడిసి ఉన్నాయి.

పుల్ల వేళ్ల దాకా కాలుతోంది. పారిపోవాలంటే వెనక మిద్దె ఉంది. టేపు పారిపోలేదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు.

పదకొండు.